అడగకూడని ప్రశ్న, అడగలేకపోయిన ప్రశ్న: క్రిమినల్ అపీళ్లలో 'హానిరహిత దోష' సూత్ర చరిత్ర

వ్యాససంగ్రహం: విచారణలో దోషం జరిగినా తీర్పు ఫలితాన్ని అది మార్చలేదని తేలితే అపీలు న్యాయస్థానం శిక్షను నిలబెట్టవచ్చునన్నది హానిరహిత దోష సూత్రం. ప్రాసిక్యూటరు అడిగిన అనుచిత ప్రశ్నల విషయంలో ఈ సూత్రం అమెరికాలో ఎలా రూపుదిద్దుకున్నదో, అదే కాలంలో గుంటూరు జిల్లా నుంచి లండను చేరిన ఒక హత్యకేసులో భారత చట్టం ఏ తోవ పట్టిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సాక్ష్యాన్ని తూచడానికి ఏర్పడిన తక్కెడలో ప్రశ్నను తూచడం సాధ్యం కాలేదన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: హానిరహిత దోషం, ఎదురు విచారణ, సూచక ప్రశ్న, పులుకూరి కోటయ్య కేసు, వాంగ్మూలం, కథనరూపం.

1. ఉపోద్ఘాతం

న్యాయవాది అడిగే ప్రశ్న సాక్ష్యం కాదు, సాక్షి చెప్పే జవాబే సాక్ష్యం. జూరీ వ్యవస్థ ఉన్న దేశాల్లో న్యాయమూర్తులు జూరీ సభ్యులకు చెప్పే మొదటి మాటల్లో ఇదొకటి. న్యాయశాస్త్రం దృష్టిలో ఇది సరైన విభజనే. భాష దృష్టిలో మాత్రం ఇది నిలవదు. "ఆ రాత్రి నీవు బావి దగ్గర ఎందుకు నిలబడ్డావు?" అని అడిగినవాడు ఆ మనిషి బావి దగ్గర నిలబడ్డాడని ముందే చెప్పేశాడు. జవాబు ఏదైనా, అసలు జవాబే రాకపోయినా, ఆ నిలబడడం విన్నవారి మనసులో మిగిలిపోతుంది. తెలుగులో 'కదా' చేర్చితే ప్రశ్నకూ ప్రకటనకూ మధ్య ఉన్న పలుచని తెర కూడా తొలగిపోతుంది.

ప్రాసిక్యూటరు ఈ శక్తిని హద్దు మీరి వాడుకున్నాడని ముద్దాయి అపీలులో మొరపెట్టుకుంటే పైకోర్టు ఏం చేయాలి? ప్రతి దోషానికీ శిక్ష రద్దు చేసి పునర్విచారణకు పంపితే విచారణలకు అంతం ఉండదు. నేరం రుజువైంది కనుక దోషాన్ని పట్టించుకోనక్కరలేదంటే విచారణ నియమాలకు అర్థం ఉండదు. ఈ రెంటి నడుమ దారి కోసం జరిగిన వెతుకులాటే హానిరహిత దోష సూత్ర చరిత్ర. అందులో 1946వ సంవత్సరం ఒక మలుపు. ఆ ఏడాది జూన్‌లో వాషింగ్టన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కొటియాకోస్ కేసులోనూ, డిసెంబరులో లండనులో ప్రివీ కౌన్సిల్ పులుకూరి కోటయ్య కేసులోనూ తీర్పులు చెప్పాయి. రెండూ దోషం వల్ల కలిగిన హానిని ఎలా కొలవాలన్న ప్రశ్నను ఎదుర్కొన్నాయి. ఇచ్చిన సమాధానాలు మాత్రం ఒకటి కావు.

2. వలస రాజ్యంలో ముందుగా పుట్టిన సూత్రం

ఇంగ్లండులో 1835 నాటి క్రీజ్ వర్సెస్ బారెట్ తీర్పు నుంచి స్థిరపడిన సంప్రదాయాన్ని 'ఎక్స్‌చెకర్ నియమం' అని చరిత్రకారులు వ్యవహరిస్తారు. అంగీకరించకూడని సాక్ష్యాన్ని అంగీకరిస్తే దాదాపు తప్పనిసరిగా కొత్త విచారణ జరగాలన్నది దీని సారాంశం. జూరీ ఏ సాక్ష్యాన్ని ఎంత నమ్మిందో బయటివారికి తెలియదు కనుక, విషం ఒక చుక్క పడినా కుండ మొత్తం పారబోయాలన్నది దాని వెనుక ఉన్న తర్కం. సివిల్ వ్యాజ్యాల్లో ఈ నియమాన్ని సడలించింది 1873 నాటి జ్యుడికేచర్ చట్టం అనంతరం వచ్చిన నిబంధనలే. క్రిమినల్ అపీళ్లకు అటువంటి వెసులుబాటు 1907 నాటి క్రిమినల్ అపీలు చట్టంతో గానీ రాలేదు.

భారతదేశంలో ఈ పని అంతకు ఎంతో ముందే జరిగింది. 1855 నాటి రెండవ చట్టం 57వ సెక్షనులోనే, సాక్ష్యాన్ని తప్పుగా అంగీకరించడం గానీ నిరాకరించడం గానీ తనంత తానే కొత్త విచారణకు కారణం కాజాలదని రాశారు. జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన 1872 నాటి సాక్ష్య చట్టంలో అదే 167వ సెక్షను అయింది. అభ్యంతరం ఉన్న సాక్ష్యాన్ని పక్కన పెట్టి చూసినా నిర్ణయాన్ని సమర్థించడానికి మిగిలినది చాలితే చాలునని అది చెబుతుంది. విచారణ పద్ధతిలోని లోపాలకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 537వ సెక్షను (1973 కోడ్‌లో 465) ఇటువంటిదే. దాని ప్రకారం లోపం వల్ల న్యాయానికి భంగం కలిగితే తప్ప తీర్పును రద్దు చేయరాదు.

స్వదేశంలో జూరీ పవిత్రత పేరుతో వద్దన్న సూత్రాన్ని పాలకులు వలసలో ఇరవై ఏళ్లు ముందుగా అమలు చేయడం గమనించదగినది. జిల్లా న్యాయాధికారుల్లో అధికశాతం న్యాయశాస్త్రంలో శిక్షణ పొందినవారు కాకపోవడం, జూరీ విచారణ కొన్ని ప్రాంతాలకే పరిమితం కావడం ఇందుకు పైకి కనిపించే కారణాలు. పాలన సాఫీగా సాగాలన్న అవసరం వాటి అడుగున ఉంది. ఆ తేడా ఎంతటిదో 1894లో న్యూ సౌత్ వేల్స్ నుంచి వచ్చిన మేకిన్ కేసు చెబుతుంది. జూరీ తీర్పు స్థానంలో న్యాయమూర్తులు తమ తీర్పును నిలపడానికి చట్టంలోని మినహాయింపు వాక్యం అనుమతించదని ప్రివీ కౌన్సిల్ అక్కడ అభిప్రాయపడింది.

భారతదేశపు కేసుల్లోనూ ఈ సంస్థ ఒకే తీరున నడవలేదు. 1901లో మద్రాసు నుంచి వచ్చిన సుబ్రహ్మణ్య అయ్యర్ కేసులో రెండేళ్ల కాలానికి చెందిన నలభై ఒక్క చర్యలను ఒకే విచారణలో కలిపారు. ఇది 537వ సెక్షనుతో సర్దుకునే లోపం కాదని లార్డ్ హాల్స్‌బరీ తేల్చారు. 1927లో అబ్దుల్ రహమాన్ కేసులో, సాక్షులకు వాంగ్మూలాలు చదివి వినిపించకపోవడం సర్దుకోగల లోపమేనన్నారు. ఏది నిషేధానికి విరుద్ధం, ఏది కేవలం అక్రమం అన్న ఈ మీమాంస యాభై ఏళ్లు నడిచింది. 1955లో విలీ స్లేనీ కేసులో జస్టిస్ వివియన్ బోస్ పేర్లకన్నా ముద్దాయికి జరిగిన నష్టమే ముఖ్యమని చెప్పిన తరువాత గానీ అది సద్దుమణగలేదు.

3. బెర్గర్, మైకెల్సన్: ప్రశ్నలోని మాట

అమెరికాలో ఎక్స్‌చెకర్ నియమం మరింత మొండిగా బతికింది. 1908లో మిస్సోరీ సుప్రీంకోర్టు అభియోగపత్రం చివర ఒక నిర్దేశక ఉపపదం లోపించిందన్న కారణం మీద శిక్షను రద్దు చేసింది. ఇటువంటి తీర్పులు ప్రజల్లో న్యాయస్థానాలపై పెంచిన విసుగు ఫలితంగానే 1911లో కాలిఫోర్నియా రాజ్యాంగ సవరణ, 1919లో ఫెడరల్ చట్టం వచ్చాయి. సాంకేతిక దోషాలను పట్టించుకోవద్దని రెండూ పైకోర్టులను ఆదేశించాయి. అయితే ప్రాసిక్యూటరు ప్రశ్నను సాంకేతిక దోషాల జాబితాలో వేయవచ్చా?

1935 నాటి బెర్గర్ కేసు ఈ ప్రశ్నకు మొదటి గట్టి సమాధానం. అది నకిలీ నోట్ల కుట్ర కేసు. ప్రాసిక్యూటరు ఎదురు విచారణలో సాక్షులు చెప్పని మాటలను చెప్పినట్లు వారి నోట పెట్టాడు. కోర్టు బయట తనతో ఏదో అన్నారని ప్రశ్నల రూపంలోనే సూచించాడు, దానికి రుజువు మాత్రం చూపలేదు. రికార్డులో లేని విషయాలను ఉన్నట్లు తీసుకుని వాటిపై ప్రశ్నలు అల్లాడు. జస్టిస్ జార్జ్ సదర్లాండ్ తన తీర్పులో ఈ పద్ధతులన్నిటినీ ఒక్కొక్కటిగా వివరించాడు. ప్రభుత్వ న్యాయవాది గెలుపు కోసం కాక న్యాయం కోసం నిలబడినవాడనీ, గట్టి దెబ్బలు కొట్టవచ్చు గానీ దొంగదెబ్బలు కొట్టే స్వేచ్ఛ లేదనీ ఆయన చెప్పిన మాట నేటికీ న్యాయ కళాశాలల్లో ప్రతిధ్వనిస్తుంది.

ఆ తీర్పులోనే అంతగా ప్రచారంలోకి రాని మరొక వాక్యభాగం ఉంది. బెర్గర్‌పై సాక్ష్యం బలహీనంగా ఉంది కనుక శిక్షను రద్దు చేస్తున్నామనీ, కేసు బలంగా ఉంటే నిర్ణయం మరో విధంగా ఉండేదేమోననీ సదర్లాండ్ రాశాడు. దొంగదెబ్బను ఖండించిన కలమే దాన్ని తూచడానికి మిగిలిన సాక్ష్యాన్ని పడికట్టు రాయిగా పెట్టింది. తరువాతి అర్ధశతాబ్దపు తీర్పుల్లో ఎక్కువ భాగం బెర్గర్‌లోని మొదటి భాగాన్ని శ్లాఘించి, రెండవ భాగాన్ని అమలు చేసినవే.

1948 నాటి మైకెల్సన్ కేసు ప్రశ్న స్వభావాన్ని మరోవైపు నుంచి చూపింది. రెవెన్యూ అధికారికి లంచం ఇచ్చాడన్న అభియోగంపై విచారణ. ముద్దాయి మంచివాడని చెప్పడానికి వచ్చిన సాక్షులను ప్రాసిక్యూటరు అడిగాడు: 1920లో దొంగసొత్తు తీసుకున్నందుకు ఇతన్ని అరెస్టు చేశారని మీరు విన్నారా? 1947లో విచారణ, 1920 నాటి అరెస్టు. "వినలేదు" అన్న జవాబు ముద్దాయికి ఏ రకంగానూ ఉపకరించదు. అరెస్టు జరిగిందన్న సంగతి ప్రశ్నలోనే చేరిపోయింది. సుప్రీంకోర్టు దీన్ని అనుమతించింది. ఆధారం లేని సూచనను జూరీ మీదికి వదలకుండా ట్రయల్ జడ్జి ముందే పరిశీలించాడన్నది జస్టిస్ రాబర్ట్ జాక్సన్ ఇచ్చిన ఊరట. అంటే ప్రశ్న తనంత తానే ఒక సంగతిని మోసుకువెళ్తుందని సుప్రీంకోర్టు ఒప్పుకున్నట్లే. లేకపోతే దాని ఆధారాన్ని ముందే పరిశీలించవలసిన పని ఏముంది?

4. కొటియాకోస్ కొలత

1946 జూన్ 10న వెలువడిన కొటియాకోస్ తీర్పు ప్రశ్నల గురించినది కాదు. గృహరుణాల మోసంలో, ఒకే దళారి మినహా పరస్పర సంబంధం లేని కనీసం ఎనిమిది కుట్రలను ఒకే కుట్రగా కలిపి విచారించిన కేసు. 32 మందిపై అభియోగం మోపారు, చివరికి ఏడుగురికి శిక్ష పడింది. జస్టిస్ వైలీ రట్లెడ్జ్ ఈ సందర్భంలో హానిని కొలిచే పద్ధతినే మార్చాడు. దోషాన్ని తీసివేస్తే మిగిలిన సాక్ష్యం చాలునా అని అడగడం తప్పని ఆయన నిర్ధారించాడు. ఆ దోషం జూరీ నిర్ణయంపై చెప్పుకోదగిన ప్రభావం చూపిందా, లేదా అన్నదే అడగవలసినది. ప్రభావం విషయంలో గట్టి సందేహం మిగిలితే శిక్ష నిలవకూడదు.

167వ సెక్షనుకూ దీనికీ ఉన్న దూరం ఇక్కడ స్పష్టం. సెక్షను న్యాయమూర్తిని మిగిలిన సాక్ష్యం వైపు చూడమంటుంది, రట్లెడ్జ్ దోషం వైపే చూడమంటాడు. మొదటిది ముద్దాయి నేరస్థుడేనా అన్న ప్రశ్నగా మారిపోతుంది. రెండవది ఈ తీర్పు సక్రమంగా వచ్చిందా అన్న ప్రశ్నగా ఉంటుంది. ప్రాసిక్యూటరు ప్రశ్నను కొలవగలిగేది రెండవదే, ఎందుకంటే ప్రశ్న సాక్ష్యంలో భాగం కాదు. తీసివేసి చూద్దామంటే రికార్డులో తీసివేయడానికి ఏమీ ఉండదు. దురదృష్టవశాత్తూ ఆ దేశపు న్యాయస్థానాలే ఈ రెండు పద్ధతులనూ తరువాత కలగాపులగం చేశాయి. కాలిఫోర్నియా ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన రోజర్ ట్రేనర్ 1970లో హానిరహిత దోషంపైనే ఒక చిన్న పుస్తకం రాయవలసి వచ్చిందంటే ఆ గందరగోళం ఎంతటిదో ఊహించవచ్చు.

5. మౌనం మీద ప్రశ్న

1965లో గ్రిఫిన్ కేసులో, ముద్దాయి బోనెక్కకపోవడాన్ని ప్రాసిక్యూటరు జూరీ ముందు ఎత్తిచూపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు నిర్ణయించింది. రెండేళ్లకు, 1967 ఫిబ్రవరి 20న, చాప్‌మన్ కేసు వచ్చింది. అందులోని ఇద్దరు ముద్దాయిలూ సాక్ష్యం చెప్పలేదు. ప్రాసిక్యూటరు తన వాదనలో పదే పదే వారి మౌనాన్నే ఆధారం చేసుకున్నాడు. జస్టిస్ హ్యూగో బ్లాక్ తీర్పులో రెండు అడుగులు ఉన్నాయి. రాజ్యాంగ సంబంధమైన దోషం కూడా హానిరహితం కావచ్చునన్నది ఒకటి. దోషం తీర్పుకు తోడ్పడలేదని సందేహానికి తావులేకుండా ప్రభుత్వమే రుజువు చేయాలన్నది రెండవది. రెండవ అడుగు ముద్దాయికి రక్షణలా కనిపించింది. చరిత్రలో పనిచేసింది మాత్రం ప్రధానంగా మొదటిది. 1991లో ఫుల్మినాంటే కేసు నాటికి బలవంతపు నేరాంగీకారం కూడా హానిరహిత పరిశీలనకు లోబడేదే అయింది.

1976 నాటి డాయిల్ కేసుతో వివాదం సరిగ్గా ఎదురు విచారణలోకి వచ్చింది. ఒహాయోలో గంజాయి అమ్మకం కేసు. తమను ఇరికించారని ముద్దాయిలు బోనులో చెప్పారు. ఆ మాట అరెస్టు చేసిన అధికారికి అప్పుడే ఎందుకు చెప్పలేదని ప్రాసిక్యూటరు అడిగాడు. 1966 నాటి మిరాండా తీర్పు ప్రకారం పోలీసులు ముద్దాయికి మౌనంగా ఉండే హక్కు ఉందని చెబుతారు. ఆ హామీని నమ్మి మౌనం వహించినవాడిని ఆ మౌనంతోనే కొట్టడం అన్యాయమని జస్టిస్ లూయిస్ పావెల్ రాసిన తీర్పును ఆరుగురు న్యాయమూర్తులు సమర్థించారు, ముగ్గురు విభేదించారు. దోషం హానిరహితమన్న వాదన ఒహాయో ప్రభుత్వం చేయలేదు కనుక ఆ సంగతి అక్కడ చర్చకు రాలేదు.

పదకొండేళ్లకు అదే పావెల్ గ్రీర్ వర్సెస్ మిల్లర్ తీర్పు రాశాడు. 1980లో ఇల్లినాయిలో జరిగిన అపహరణ, దోపిడీ, హత్య కేసు అది. ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకున్న సహముద్దాయి ఒక కథ చెప్పాడు. హత్య జరిగిపోయాకే మిగిలిన ఇద్దరు తన వద్దకు వచ్చారని మిల్లర్ మరో కథ చెప్పాడు. విచారణలోని అసలు వివాదం ఎవరి కథ నమ్మాలన్నదే. ప్రాసిక్యూటరు లేచి మొదట వయసెంతని అడిగాడు. ఇరవై మూడన్నాడు ముద్దాయి. రెండవ ప్రశ్న: అరెస్టయినప్పుడు ఈ కథ ఎవరికీ ఎందుకు చెప్పలేదు? డిఫెన్సు న్యాయవాది వెంటనే అభ్యంతరం చెప్పాడు. న్యాయమూర్తి దాన్ని అంగీకరించి, విచారణ రద్దు చేయాలన్న కోరికను మాత్రం తిరస్కరించాడు. అభ్యంతరం నెగ్గిన ప్రశ్నలను పట్టించుకోవద్దని తరువాత జూరీకి చెప్పాడు. మిల్లర్‌కు హత్యానేరం కింద 80 ఏళ్ల శిక్ష పడింది.

ఒక్క ప్రశ్న, దానికి జవాబు లేదు. ఆ ఒక్క వాక్యంపై ఇల్లినాయి అపీలు కోర్టు శిక్షను రద్దు చేసింది, రాష్ట్ర సుప్రీంకోర్టు హానిరహితమని పునరుద్ధరించింది. ఫెడరల్ జిల్లా కోర్టు జోక్యం చేసుకోలేదు, ఏడవ సర్క్యూట్ అపీలు కోర్టు ముద్దాయి పక్షం వహించింది. 1987 జూన్‌లో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. పావెల్ ఇక్కడ హానిరహిత సూత్రం దాకా కూడా వెళ్లలేదు. అభ్యంతరం నెగ్గింది కనుక మౌనాన్ని ముద్దాయికి వ్యతిరేకంగా 'ఉపయోగించడం' జరగలేదనీ, కాబట్టి డాయిల్ ఉల్లంఘనే లేదనీ ఆయన నిర్ధారణ. జస్టిస్ బ్రెనన్ విభేదించాడు, మార్షల్, బ్లాక్‌మన్ ఆయనతో కలిశారు.

పావెల్ తర్కంలో బలం లేకపోలేదు. ట్రయల్ జడ్జి చేయగలిగింది చేశాడు. డిఫెన్సు న్యాయవాది అంతకుమించిన హెచ్చరిక కోరలేదు. అయితే ఈ తర్కం నిలవాలంటే ప్రశ్న జవాబుతోనే పూర్తవుతుందని ఒప్పుకోవాలి. మైకెల్సన్‌లో జాక్సన్ అలా అనుకోలేదు, బెర్గర్‌లో సదర్లాండ్ అసలే అనుకోలేదు. "ఎందుకు చెప్పలేదు" అన్న ప్రశ్నకు పని జరగడానికి జవాబు అక్కరలేదు. జవాబు లేకపోవడమే దాని జవాబు. న్యాయమూర్తి నోరు మూయించిన తరువాత ముద్దాయి బోనులో ఇప్పుడూ మౌనంగానే కూర్చున్నాడు.

1993లో బ్రెక్ట్ కేసు ఈ కథకు ఒక విచిత్రమైన కొనసాగింపు. అదీ డాయిల్ దోషమే. రాష్ట్రకోర్టుల్లో శిక్షపడినవారు ఫెడరల్ కోర్టులో హెబియస్ కార్పస్ కోరితే చాప్‌మన్ కొలత కాక కొటియాకోస్ కొలత వర్తిస్తుందని అయిదుగురు న్యాయమూర్తులు నిర్ణయించారు, నలుగురు కాదన్నారు. ముద్దాయిని కాపాడడానికి రట్లెడ్జ్ తయారుచేసిన పద్ధతి, నలభై ఏడేళ్లకు అంతకన్నా గట్టి రక్షణను సడలించే సాధనంగా మారింది.

6. గుంటూరు నుంచి లండనుకు

ఈ చర్చకు తెలుగు నేలతో ఉన్న సంబంధం పులుకూరి కోటయ్య కేసు. నేరాంగీకారం ద్వారా వస్తువు బయటపడితే ఎంత మాట చెల్లుతుందన్న 27వ సెక్షను విషయంలో ఈ పేరు వినని న్యాయవాది భారతదేశంలో లేడు. అదే తీర్పులో హానిరహిత దోషంపై ఉన్న సగభాగం అంత ప్రసిద్ధి పొందలేదు.

గ్రామకక్షల నేపథ్యంలో జరిగిన దొమ్మీ, హత్యల కేసు అది. గుంటూరు సెషన్స్ కోర్టు 1945లో శిక్ష విధించింది. మద్రాసు హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. ప్రత్యేక అనుమతిపై అపీలు ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లగా, బొంబాయి మాజీ ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమంట్ తీర్పు వెలువరించారు. ఇటువంటి కేసుల్లో సాక్షులు సాధారణంగా ఎదుటి వర్గం వారే అయి ఉంటారు కనుక వారి మాటను నిశితంగా పరీక్షించాలని తీర్పు ఆరంభంలోనే హెచ్చరించారు. సాక్షి పోలీసులకు మొదట ఏం చెప్పాడో, కోర్టులో ఏం చెబుతున్నాడో పోల్చి అడగడమే ఆ పరీక్ష. అందుకోసమే 162వ సెక్షను ముద్దాయికి ఆ తొలి వాంగ్మూలాల నకళ్లు పొందే హక్కు ఇచ్చింది. ఈ కేసులో ఒక పోలీసు అధికారి నోటుబుక్కులోని వాంగ్మూలాలు డిఫెన్సు చేతికి వచ్చేసరికి వాటితో ఎదురు విచారణ చేసే సమయం మించిపోయింది.

అమెరికా కేసుల్లో వివాదం ప్రాసిక్యూటరు అడగకూడని ప్రశ్న గురించి. ఇక్కడిది డిఫెన్సు అడగలేకపోయిన ప్రశ్న గురించి. మొదటిది పలికి తరువాత చెరిపివేయబడింది. రెండవది ఎన్నడూ పలకబడలేదు. రెండూ సాక్ష్యం కావు.

ప్రివీ కౌన్సిల్ ఉల్లంఘన జరిగిందని ఒప్పుకుంది. అయితే ఆ వాంగ్మూలాలు ఆలస్యంగానైనా దొరికాయి, వాటిలో ఏముందో తెలుసు. పైగా అవే సాక్షులను సర్కిల్ ఇన్‌స్పెక్టరు మళ్లీ విచారించిన నమోదులు డిఫెన్సుకు అందాయి. కనుక ముద్దాయిలకు నష్టం జరగలేదని తేల్చింది. నమోదులు బొత్తిగా దొరకని కేసుల్లో నష్టం జరిగిందన్న అనుమానం బలంగా నిలుస్తుందని కూడా చెప్పింది. అంటే కాగితం లేకపోతే ముద్దాయికి మేలు, కాగితం ఆలస్యంగా దొరికితే పోలీసులకు మేలు. దొరికిన కాగితం చదివి అపీలు న్యాయమూర్తి, ఈ ప్రశ్నలు అడిగి ఉంటే సాక్షి ఎలా తడబడేవాడో ఊహించి తీర్పు చెప్పాలి. తన మొదటి మాట తన ఎదుటే చదివినప్పుడు సాక్షి ముఖంలో వచ్చే మార్పు ఏ కాగితంలోనూ ఉండదు.

27వ సెక్షను భాగంలో మాత్రం తీర్పు గట్టిగా నిలబడింది. ఒక ముద్దాయి వాంగ్మూలంలో ఈటెనూ కర్రనూ గడ్డివామిలో దాచానని, వస్తే చూపిస్తానని చెప్పిన అంశం మాత్రమే చెల్లుతుందనీ, ఎవరెవరు కలిసి ఎవరిని కొట్టారో చెప్పిన మిగతాదంతా చెల్లదనీ తేల్చింది. చెల్లని భాగాన్ని హైకోర్టు ఆధారం చేసుకున్నది కనుక, దాన్ని మినహాయిస్తే మిగిలిన సాక్ష్యంపై శిక్షలు నిలుస్తాయో లేదో చూడమని కేసును తిరిగి మద్రాసుకు పంపింది. ఇది 167వ సెక్షను పరీక్షే. మాటను సాక్ష్యంగా రాసిపెట్టి ఉన్నప్పుడు దాన్ని వాక్యం వాక్యంగా కోసి తీసివేయడం సాధ్యమైంది. అడగని ప్రశ్నకు ఆ పద్ధతి పనికిరాలేదు.

స్వాతంత్ర్యానంతరం 1955 నాటి సవరణ పోలీసు వాంగ్మూలాల నకళ్లను విచారణకు ముందే ముద్దాయికి ఇవ్వాలని నిర్బంధించింది. ముద్దాయి బోనెక్కకపోవడంపై ఏ పక్షమూ, న్యాయస్థానమూ వ్యాఖ్యానించరాదన్న నియమం కూడా ఆ సవరణతోనే వచ్చింది. నేటి చట్టంలోనూ అది కొనసాగుతున్నది. అమెరికాలో గ్రిఫిన్ తీర్పుకు పదేళ్ల ముందే భారత పార్లమెంటు ఆ పని చేసిందన్నమాట.

7. కథనంలో కరిగిపోయే 'కదా'

1973 కోడ్‌తో జూరీ విచారణ భారతదేశంలో ముగిసింది. తీర్పరి న్యాయమూర్తే కనుక ప్రాసిక్యూటరు ప్రశ్నల ప్రభావం ఇక్కడ సమస్య కాదని సాధారణంగా భావిస్తారు. సమస్య మరోచోట ఉంది. సెషన్స్ విచారణలో సాక్ష్యాన్ని మామూలుగా కథనరూపంలో రాయాలని 276వ సెక్షను చెప్పింది. ప్రశ్నోత్తరాల రూపంలో రాయడం న్యాయమూర్తి విచక్షణకు వదిలింది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోవచ్చు. ప్రాసిక్యూటరు తన సాక్షిని "అప్పుడు ముద్దాయి చేతిలో గొడ్డలి ఉంది కదా?" అని అడుగుతాడు. సాక్షి "ఉందండి" అంటాడు. రికార్డులో "ఆ సమయంలో ముద్దాయి చేతిలో గొడ్డలి ఉండగా చూశాను" అన్న వాక్యం చేరుతుంది. తెలుగు రాష్ట్రాల్లోని జిల్లా న్యాయస్థానాల్లో ఈ వాక్యం తరచు ఇంగ్లీషులో ఉంటుంది. 'ముద్దాయి', 'గొడ్డలి', 'చూశాను' అన్న మూడు మాటల్లో సాక్షి నోట వచ్చినది ఒక్కటీ లేదు. ఆయన అన్నది 'ఉంది' అన్న క్రియ, దానికి చేర్చిన 'అండి' అన్న మర్యాద మాత్రమే. ప్రశ్నలోని మొత్తం సరుకు జవాబులోకి మారింది, ప్రశ్న మాయమైంది. అపీలులో దీన్ని చదివే న్యాయమూర్తికి అది సాక్షి స్వయంగా, స్వేచ్ఛగా చెప్పిన మాటలాగే కనిపిస్తుంది.

సాక్ష్య చట్టం 142వ సెక్షను ప్రధాన విచారణలో సూచక ప్రశ్నలను నిషేధించింది. 1993లో వర్కీ జోసెఫ్ కేసులో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని గట్టిగా అమలు చేసింది. కేరళకు చెందిన ఆ కేసులో పబ్లిక్ ప్రాసిక్యూటరు కీలకమైన అంశాలపై తన సాక్షులకే సూచక ప్రశ్నలు వేసి జవాబులు రాబట్టాడనీ, ఇది ముద్దాయికి న్యాయమైన విచారణను నిరాకరించడమేననీ చెప్పి శిక్షను రద్దు చేసింది. ప్రశ్నల తీరు రికార్డు నుంచి పైకోర్టుకు తెలియడం వల్లనే ఇది సాధ్యమైంది. అలా తెలిసే అవకాశం లేనిచోట హాని ఉందా లేదా అన్న చర్చే మొదలు కాదు.

ఈ కోణంలో చూస్తే రెండు దేశాల అనుభవం ఒకదానికొకటి అద్దం పడుతుంది. అమెరికాలో స్టెనోగ్రాఫరు ప్రతి ప్రశ్నను అక్షరం అక్షరం రాస్తాడు. మిల్లర్‌ను మొదట వయసు అడిగిన సంగతి కూడా అందువల్లనే తెలుస్తుంది. అంతా కళ్లెదుట ఉన్నా, దాన్ని తూచే తక్కెడ సాక్ష్యం కోసం తయారైనది కావడంతో ప్రశ్న బరువు సున్నాగా తేలుతుంది. ఇక్కడ తక్కెడ దాకా రాకముందే ప్రశ్న కథనంలో కరిగిపోతుంది. బెర్గర్ ప్రాసిక్యూటరు సాక్షుల నోట లేని మాటలు పెట్టాడన్నది అక్కడ ఆక్షేపణ. ఇక్కడి నమోదు పద్ధతి ఆ పనిని ఏ దురుద్దేశమూ లేకుండానే, రోజువారీ కార్యాలయపు అలవాటుగా, చేయగలదు.

2024 జులై 1న కొత్త చట్టాలు అమలులోకి వచ్చాయి. 167వ సెక్షను భారతీయ సాక్ష్య అధినియమంలో 169గా, 465వ సెక్షను భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 511గా సంఖ్యలు మార్చుకున్నాయి. సెషన్స్ సాక్ష్యాన్ని కథనరూపంలో రాయాలన్న నియమం ఆ సంహితలోని 311వ సెక్షనులోకి అలాగే వచ్చి చేరింది. ప్రశ్నోత్తరాల రూపంలో రాయించడం అందులోనూ న్యాయమూర్తి విచక్షణే. ఆ విచక్షణను వాడమని ఆ క్షణంలోనే, ప్రశ్న ఇంకా చెవుల్లో ఉండగానే, కోరవలసింది డిఫెన్సు న్యాయవాది.